కోత లేదు, కుట్టు లేదు

హైదరాబాద్,
ఫిబ్రవరి 5, 2025

అత్తమ్మకు,

నిన్న మిమ్మల్నందరినీ గది బయటికి పొమ్మన్నది నేనే. నర్సు కాదు. నర్సు మీదికి నెట్టి తప్పించుకోవడం నాకిష్టం లేదు. అందుకే ముందుగా ఈ మాట రాస్తున్నాను.

ఫోన్‌లో నాకు మాట రాదని మీకు తెలుసు. మీరు "ఏందే?" అంటే చాలు, చెప్పాలనుకున్నదంతా గొంతులోనే ఆగిపోతుంది. "దీన్ని కాన్వెంటుల వేసుడే తప్పయింది, సిస్టర్లు సైలెన్స్ ఒక్కటే నేర్పిండ్రు" అని బాపు అందరికీ చెప్పి నవ్వుతాడు. కాగితం మీద నాకు భయం ఉండదు. చదివాక కోపమొస్తే మీరూ కాగితం మీదే కోప్పడండి.

మీరు జీపు నిండా మనుషులతో వచ్చారు. సంతోష్‌రావు మామయ్య బాపు మంచం మీదే కూర్చున్నాడు. చిన్నప్పుడు బాపు కుక్కకు భయపడి ఎడ్లబండి ఎక్కి దిగనన్న కథ ఎత్తుకున్నాడు. బాపు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. "నవ్వుతుండు, ఇగ నిమ్మలమే" అన్నారు మీరు. నేను గోడ మీది యంత్రంలో ఆక్సిజన్ అంకె దిగిపోవడం చూస్తున్నాను. బయటికి వెళ్లండి అని నేను మెల్లగా అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి అది అరుపై వచ్చింది. అరిచినందుకు క్షమించండి. పొమ్మన్నందుకు మాత్రం క్షమాపణ అడగను.

మామయ్య బాపు చొక్కా ఎత్తి చూశాడు. "కోత ఏది? కుట్టు ఏది? ముక్కుల పుల్ల పెట్టినట్టు గిదేం ఆపరేషను?" అన్నాడు. మీరందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కోత లేదు నిజమే. బాపు ఊపిరితిత్తుల్లో గాలి సంచులు సాగి సాగి వదులైపోయాయి. లోపలికి పోయిన గాలి బయటికి రాదు. అదే ఆయన జబ్బు. ముప్పై ఏళ్ల సిగరెట్లు ఇచ్చిపోయింది. బాగా చెడిపోయిన ఒక భాగానికి గాలి పోకుండా, గొంతులోంచి సన్నటి గొట్టం దింపి చిన్న చిన్న వాల్వులు పెట్టారు. ఇప్పుడు ఆ భాగం ముడుచుకుంటుంది. ఖాళీ అయిన చోట్లోకి పక్క భాగం సాగుతుంది. ఆ సాగడంలో దాని పల్చటి పొర చిరగవచ్చు. చిరిగితే గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తినే నొక్కేస్తుంది. అందుకే బాపు బాగానే కనిపిస్తున్నా ఇంటికి పంపడం లేదు. మొదటి రోజుల్లో ఈ భయం ఎక్కువ. తర్వాత తగ్గుతుంది కానీ కొన్ని వారాలు ఉంటుంది. పెద్దగా మాట్లాడటం, నవ్వడం, దగ్గడం, బరువెత్తడం, ముక్కడం ఏదీ వద్దన్నారు.

వేములవాడ మొక్కు సంగతి. అది ఇప్పుడు వద్దు అత్తమ్మా. ఇంతకంటే రాయను.

మీరు తెచ్చిన బత్తాయిలు నర్సులకు పంచాను. బాపుకు ఒకటి ఉంచాను.

మీ మీద గౌరవం తగ్గని,
సృజన


కరీంనగర్,
ఫిబ్రవరి 8

బిడ్డా సృజనా,

నీ ఉత్తరం వచ్చింది. మీ మామ చదువుమంటే చదివి వినిపించిన. "డాక్టరమ్మ రాసిందా?" అన్నడు. ఆయన నవ్విండు గని నాకు నవ్వు రాలే.

నేను కిషనుకు అక్కను. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి. నీకు జడలెవరేసిండ్రో, స్కూలు బస్సు దాంక ఎవరు తోలిచ్చిండ్రో నీకే ఎరుక. గసుంటి నన్ను పరాయోళ్లను చూసినట్టు చూసి, పొమ్మంటివి. మా ఆడిబిడ్డ ముంగట, నా కొడుకు ఉజ్వల్ దోస్తు ముంగట! నేను ఏం మొఖం పెట్టుకోవాలె?

మన దిక్కు మనిషికి పానం బాగలేకపోతె నలుగురు పోయి కూసుంటరు. పలకరిస్తరు. రోగి ఒక్కడే గోడలు చూసుకుంట పండుకుంటె సగం పానం ఆడనే పోతది. ఎవ్వలు రాని మనిషంటె ఊర్ల ఎవ్వలకు గాని మనిషి అని లెక్క. నీ బాపు గసుంటోడా? నువ్వు పుస్తకాల నడుమ పెరిగినవు, నీకు మనుషులంటె పరేషాను. అందరు నీ లెక్క ఉండరు.

వాల్వులంటివి, పొర అంటివి. మంచిగనే రాసినవు, కొంత సమజయింది. మరి గీ ముచ్చట గదిలకు రాకముందుగాల చెప్పాలె కద? తలుపు కాడ నిలబడి చెప్తె మేం ఆడనే ఆగుదుము. మీ మామ నోరు నేను మూయిద్దును.

మొక్కు సంగతి నువ్వు ఎత్తినవు. నేను ఎత్త. నీతోని ఎత్తొద్దని నాకు చెప్పినోళ్లు చెప్పిండ్రు. నువ్వు ఊకె కష్టపెట్టుకుంటవట.

మక్కజొన్న గారెలు చేసిన. నూనెవని పంపలే. నీ కోసం జర పచ్చి మామిడి తొక్కు ఉజ్వల్‌తోని పంపుత.

మీ బాపు తలకు నూనె రాయి.

నీ అత్తమ్మ,
సరళాదేవి


మంచిర్యాల,
ఫిబ్రవరి 11

అత్తమ్మకు నమస్కారాలు.

నిన్న ఇంటికి చేరాం. బాపు బాగున్నాడు. మెట్ల దగ్గర ఆగకుండా వసారా దాకా నడిచాడు. ఏడాదిగా ఆయన ఆగకుండా అంత దూరం నడవడం నేను చూడలేదు. చూశాక లోపలికెళ్లి కాసేపు తలుపేసుకున్నాను.

మీ మాట నిజం. నేను తలుపు దగ్గరే చెప్పి ఉండాలి. అది నాకు చేతకాదు. చేతకానిదాన్ని కాబట్టే రాస్తున్నాను, కాబట్టి ఇక ముందు మీరు నేను రాసేవైనా నమ్మండి.

ఇక్కడా అదే గోల. ఎదురింటి మమతారాణి ఆంటీ వచ్చి, "ఏ పక్క కోసిండ్రు?" అంది. కోయలేదన్నాను. "మరి గింత రెస్టు ఎందుకు?" అంది. బాపు పాత ఆఫీసు స్నేహితుడొకాయన గ్యాసు సిలిండరు మా వాకిట్లో దిగితే, "కిషన్‌రావూ, ఒక చెయ్యి పట్టు" అన్నాడు. బాపు లేచాడు! నేను పరుగెత్తి సిలిండరు మీద కూర్చున్నాను. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మనుషులు కత్తిని నమ్ముతారు అత్తమ్మా. కడుపు మీద జానెడు కుట్టుంటే ఇదే మనిషికి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వరు. లోపల ఏం జరిగిందో కనిపించకపోతే ఏమీ జరగనట్టే. నాకు రోజంతా ఒళ్లు మండుతోంది.

డాక్టరు చెప్పినవి మీకూ రాస్తున్నాను. ఎందుకంటే బాపు నాకంటే మీ మాటే వింటాడు. బరువులెత్తవద్దు. లాగవద్దు, గుంజవద్దు. మలబద్ధకం రానివ్వవద్దు. దగ్గు వస్తే దిండును ఛాతీకి అదుముకుని మెల్లగా దగ్గాలి. పొగ దగ్గరికి రావద్దు, అగరుబత్తి పొగ కూడా. రద్దీలోకి పోవద్దు, పోతే మాస్కు. జలుబు చేసినవాళ్లు ఇంట్లోకి రావద్దు. చేతులు కడుక్కోకుండా ఎవరూ ఆయన దగ్గరికి రావద్దు. పీల్చే మందు తర్వాత నోరు పుక్కిలించాలి.

అన్నిటికంటే పెద్దది ఇది. హఠాత్తుగా ఛాతీలో ఒక పక్క నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, ఆగి చూద్దాం అనవద్దు. రుద్దవద్దు, సోడా తాగించవద్దు, పడుకోబెట్టి విసరవద్దు. ఛాతీలో గొట్టం వేయగల ఆస్పత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లాలి. వెళ్లగానే మొదటి మాట: ఊపిరితిత్తిలో వాల్వులు ఉన్నాయి. ఆ మాట చెప్పకపోతే, ఒంటి మీద గుర్తు లేదు కాబట్టి, వాళ్లకు తెలిసే దారి లేదు.

మొక్కు గురించి నాతో ఎత్తవద్దని మీకు చెప్పినవాళ్లెవరో నాకు తెలియదు. మామయ్యే అనుకుంటాను. మీతో ఎత్తవద్దని నాకూ చెప్పారు, అయినా రాస్తున్నాను. దేవుడికి తొందర లేదు. తొందర మనుషులది. బాపు మీద మీకు ప్రేమ ఉంటే మొక్కు తీర్చడానికి సోమవారం సోమవారం అనకండి.

తొక్కు అందింది. బాగుంది. ఇది కోపంతో రాస్తున్న వాక్యం కాదు.

సృజన


కరీంనగర్,
ఫిబ్రవరి 14

సృజనా,

నాకు ప్రేమ ఉన్నదా లేదా అని నువ్వు అడిగేటంత పెద్దదానివైనవా? మంచిగున్నది.

ఉత్తరాలల్ల నన్ను కోర్టుల నిలబెట్టినట్టు నిలబెడ్తవు. బాపుతోని మాత్రం సరే అంటవు. కిషను నిన్న ఫోన్ చేసిండు. "పొల్ల ఒప్పుకున్నది అక్కా, డాక్టరు గూడ పోవచ్చన్నడు, సోమవారం కారు పంపు" అన్నడు. నాకు సంతోషమనిపిచ్చింది. నిన్ను అడుగుదామంటె "దాని ముంగట మల్ల మల్ల ఎత్తకు, సిగ్గుపడ్తది" అన్నడు. ఒప్పుకున్న మనిషివి ఒప్పుకున్నట్టు నాకో మాట రాస్తె ఏంబోయె? రాసినయన్ని వద్దులు. చేసేది ఇంకొకటి. గిది చదువుకున్న పద్ధతా?

సోమవారం పొద్దుగాల ఉజ్వల్ కారు తీసుకొని వస్తడు. నీకు బడిల పాఠాలు చెప్పేదుంటదని, రానవసరం లేదని కిషను అన్నడు. ఫికర్ చెయ్యకు. నేను పక్కన్నే ఉంట. నువ్వు రాసినయి గుర్తుపెట్టుకుంట. మాస్కు గూడ పెడ్త.

కోపమున్నా దీవెనలు దీవెనలే.

సరళాదేవి


కరీంనగర్, ఆస్పత్రి నుంచి,
ఫిబ్రవరి 20

బిడ్డా,

నువ్వు సోమవారం సాయంత్రం వచ్చినవు. రెండు దినాలు నీ బాపు మంచం కాడ కూసున్నవు. నా దిక్కు చూడలే. ఒక్క మాట మాట్లాడలే. నిన్న హైదరాబాద్ కాయితాలు తెస్తనని మంచిర్యాల పోయినవు. నువ్వు తిడితె నాకు నిమ్మలముండు. నువ్వు తిట్టలే. అందుకే నేనే రాస్తున్న. నీ లెక్క కాయితం మీద.

నా ఉత్తరం సోమవారం పగటీలి నీకు చేరిందని ఉజ్వల్ చెప్పిండు. బడి నుంచి వచ్చేటాలకు ఇంట్ల బాపు లేడు, గడప కాడ నా ఉత్తరమున్నది. చదివి నీకేమనిపిచ్చి ఉంటదో నేను తలుచుకోలేకపోతున్న. నేను నిజంగనే నువ్వు ఒప్పుకున్నవనుకున్న బిడ్డా. నాకు ఇంకేం ఎరుక లేదు.

ఏం జరిగిందో చెప్త. గుడి కాడ ముందుగాల మంచిగనే ఉండె. కోడె పలుపు చేతికి తీసుకున్నప్పుడు నీ బాపు మొఖం లగ్గం పిలగాని లెక్కుండె. దాన్ని పట్టుకొని గుడి సుట్టు తిప్పి కట్టేస్తె మొక్కు తీరినట్టు. బక్క కోడె. దాని పాటికి అది నడుస్తుంది. నేను పక్కన్నే నడుస్తున్న. మాస్కు పెట్టిన, ముక్కు మీదికెల్లి కిందికి గుంజిండు. సోమవారం గద, మంది మస్తున్నరు. ఎవరో పొల్లగాడు దాని ముంగట కొబ్బరికాయ కొడితె అది బెదిరి గుంజింది. నీ బాపు ఇడవలే. ఎదురు గుంజిండు.

"ఇడువు కిషనూ!" అన్న.

"కోడెను ఇడుస్తరా అక్కా" అన్నడు. గుంజుకుంటనే.

ఇంకో నాలుగడుగులేసి నిలబడ్డడు. ఎడమ చంక కింద చెయ్యి పెట్టుకున్నడు. "ఏంది?" అన్న. "ఏం లేదు, ఎండ" అన్నడు. ఎండేడున్నది? నీడల్నే ఉన్నం. మీ మామ వచ్చి "గ్యాసు. పొద్దుగాల్నుంచి ఏం తినలే, సోడా తాపుండ్రి" అన్నడు. అప్పటికే ఎవలో సోడా తెచ్చిండ్రు. ఇంకొకాయన అంగీ గుండీలు తీసి ఛాతి రుద్దవట్టిండు.

నువ్వు రాసినయి గుర్తుపెట్టుకుంటనన్న కద. ఉన్న మాట చెప్త. ఏది గుర్తులేదు. ఒక్క మాటే మిగిలింది. ఆగి చూద్దాం అనవద్దు. "సోడా నువ్వే తాగు!" అని మీ మామ మీద అరిచిన. గుడిల గంత గట్టిగ నేనెప్పుడు అరవలే. కోడె పలుపు ఎవల చేతుల పెట్టిన్నో ఎరుకలే. "కారు తియ్యిరా ఉజ్వల్" అన్న. కరీంనగర్ దాంక తొవ్వల నీ బాపు మాట్లాడలే. పెదవులు నీలమైనయి.

ఆస్పత్రిల డాక్టరమ్మ చిన్న పొల్ల, నీ ఈడుంటది. "ఈ మధ్యల ఏమన్న ఆపరేషన్ అయిందా?" అన్నది. మీ మామ ఏమన్నడో ఎరుకేనా? "ఏం కాలే డాక్టరమ్మా. కోత లేదు, కుట్టు లేదు. ముక్కులకెల్లి ఏదో పరీక్ష చేసిండ్రు" అన్నడు. ఆమె గుండె డాక్టరును పిలువుమని చెప్పవట్టింది. గప్పుడు నేను అడ్డం వడ్డ. "అయింది! ఊపిరితిత్తిల వాల్వులు పెట్టిండ్రు. పొర చినిగి ఉంటది, గొట్టం వెయ్యాలె" అన్న. ఆమె నా దిక్కు చూసి, "మీరు నర్సా అమ్మా?" అన్నది. కాదు, అక్కను అన్న.

ఎక్స్‌రే ఫోటో తీసిండ్రు. పక్క తెరిసి గొట్టం వేసిండ్రు. సీసల నీళ్లు బుడగలు బుడగలుగ పొంగినయి. ఆ గాలంత ఆయన ఛాతిల ఉన్నదట. గొట్టం వేసే ముంగట నా చెయ్యి పట్టుకొని, "అక్కా, పొల్లకు చెప్పకు" అన్నడు.

"దానికి ఎరుకే కదరా, అదే కద పంపింది" అన్న.

కండ్లు మూసుకున్నడు.

గప్పుడు నాకు సమజయింది. నా తమ్ముడు నాకు అబద్ధం చెప్పిండని. ఆడ నిలబడి, గొట్టం చూడాల్నా, వాని చెంప మీద కొట్టాల్నా అనిపిచ్చింది.

ఇగ నువ్వు రాయి. ఏదన్న రాయి.

అత్తమ్మ


మంచిర్యాల,
ఫిబ్రవరి 22

అత్తమ్మా,

దీన్ని పోస్టులో వేయను. రేపు కాగితాలతో పాటు మీ చేతికే ఇస్తాను. ఇచ్చినప్పుడు ఏమీ అడగకండి.

బాపు బతికింది మీ వల్ల. ఈ వాక్యం ముందు రాయాలి, రాశాను.

ఇప్పుడు మిగిలింది. మీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. నావి నాకు గుర్తున్నాయి. బాపు మీతో, నేను ఒప్పుకున్నానన్నాడు. నాతో ఏమన్నాడో తెలుసా? "మొక్కు నాది కాదు, మీ అత్తమ్మ మొక్కింది. సోమవారం సోమవారమని ప్రాణం తీస్తుంది. నువ్వు ఆమెతోని ఎత్తకు, మనసు కష్టపెట్టుకుంటది, నేనే మెల్లగ చెప్పి ఆపుత" అన్నాడు. ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే, పాపం మిమ్మల్ని ఆపడానికే వెళ్తున్నాడని అనుకున్నాను. ఆయన కారు పిలిపించుకుంటున్నాడు!

డాక్టరు పోవచ్చన్నాడనేది శుద్ధ అబద్ధం. డాక్టరు అన్న ప్రతి మాటకూ నేను పక్కనే ఉన్నాను.

నేను పది రోజులు మిమ్మల్ని ద్వేషించాను. అది మీకు చెప్పాలి. ఆయన మందుల వేళకు లేచినప్పుడల్లా, మెత్తగా అన్నం కలిపినప్పుడల్లా, మా అత్తమ్మ ఈ మనిషిని చంపడానికి చూస్తోందని అనుకున్నాను. మీరూ నన్ను ఒక మాట రాసి ఇంకొకటి చేసేదాన్ననుకున్నారు. ఆయన మన ఇద్దరి మధ్యా కూర్చుని, ఇటు మీ పేరు, అటు నా పేరు వాడుకున్నాడు. మనకు ఒకరి మీద ఒకరికి ఉన్న బెరుకును కూడా వాడుకున్నాడు. నాకు ఫోన్లో మాట రాదని ఆయనకు తెలుసు. మీరు పట్టింపు మనిషని ఆయనకు తెలుసు. మన లోపాల మీద నడిచి గుడి దాకా వెళ్లాడు.

ఆ గదిలో రెండు రోజులు నేను మాట్లాడకపోయింది మీ మీది కోపంతో అనుకున్నారు. మొదటి రోజు అవును. రెండో రోజు ఉజ్వల్ నాకు సంగతి చెప్పాక, మాట్లాడితే ఆయననే ఏదో అనేస్తానని భయపడ్డాను. ఛాతీలో గొట్టం ఉన్న మనిషిని ఏమనాలి? జబ్బు మనుషులకు ఇదొక సౌకర్యం. వాళ్లు ఏం చేసినా మనం మెల్లగా మాట్లాడాలి.

ఒక్కటి అడుగుతాను. ఆ మొక్కు అసలు ఎవరిది? ఎందుకు? ప్రాణం పణంగా పెట్టేంత ఏముంది అందులో? నేనడిగితే మళ్లీ ఏదో చెప్తాడు. మీరు అడగండి.

ఇక నుంచి ఆయన నోటి మీదుగా మన మధ్య ఒక్క మాట కూడా రాకూడదు. ఇది నా మొక్కు అనుకోండి.

సృజన


కరీంనగర్,
మార్చి 1

సృజనా బిడ్డా,

బుడగలు ఆగినయి, గొట్టం తీసిండ్రు, రెండు దినాలు మా ఇంట్ల ఉంచుకున్న, నువ్వు వచ్చి తోలుకపోయినవు. ఇల్లు బోసిపోయింది. మీ మామ టీవీ గూడ పెడ్తలేడు. డాక్టరమ్మ ముంగట అన్న మాటకు నేను ఆయనతోని ఇంక మంచిగ మాట్లాడ్తలేను. మాట్లాడ. శనగపప్పుల ఉప్పు తక్కువైందన్నడు. నువ్వే వేసుకో అన్న.

నీ బాపును అడిగిన. మొగులు దిక్కు చూసిండు, కిటికి దిక్కు చూసిండు. ఆఖరికి చెప్పిండు. పోయినేడు శివరాత్రికి మనమందరం వేములవాడ పోయినం, యాదికున్నదా? కోడె తిప్పుతుంటె సగం కాడ ఊపిరాడక మెట్ల మీద కూలబడ్డడు. మీ మామ పలుపు అందుకొని, "నువ్వు గిట్ల పక్కకు కూసో బామ్మర్దీ, ఇగ నీతోని గాదు, చెప్పులు చూసుకో" అన్నడట. మనోళ్లందరు నవ్విండ్రట. నేను గూడ నవ్విన్నట. నాకు యాదికి లేదు. ఆయనకున్నది. "ఊపిరొస్తె నా చేతుల్తోని తిప్పుత" అని ఆ మెట్ల మీదనే మొక్కుకున్నడట. ఇంట్ల ఉన్నదున్నట్టు చెప్తె నువ్వు వద్దంటవు, నేను తర్వాత అంట. తర్వాతంటె ఉంటన్నో లేన్నో అనుకున్నడట.

నాకు పాపమనిపిచ్చింది. పాపమనిపిచ్చినా కోపం పోలే. మనాదుంటె చెప్పాలె. మీ మామ మీద కోపముంటె మీ మామను తిట్టాలె. ఆడోళ్లిద్దరిని కొట్లాడవెట్టి చాటుంగ పోవుడేంది? ఆ మాటే అన్న. "నువ్వు దేవుని తాన మొగోనివి, మా తాన దొంగవు" అన్న. ఏడ్సిండు. ఏడ్వనిచ్చిన. గట్టిగ ఏడిస్తె దగ్గొస్తదని దిండిచ్చిన.

మొన్న శివరాత్రి మంది తగ్గినంక నేను ఒక్కదాన్నే వేములవాడ పోయిన. నేనే కోడె పట్టుకొని తిప్పిన, కట్టేసిన. ఉజ్వల్ గూడ బయటనే ఉన్నడు. నీ బాపు మొక్కు తీరింది. ఇగ ఆయనకు ఆ పేరు చెప్పి గడప దాటనీకి లేదు. ఈ ముచ్చట ఆయనకు నువ్వే చెప్పు. నేను చెప్తె మురిసిపోతడు. నువ్వు చెప్తె భయపడ్తడు.

ఉంటనే బిడ్డా, పొయ్యి మీద చారు పొంగుతుంది.

సరళత్త


మంచిర్యాల,
మార్చి 16

అత్తమ్మకు,

బాపుకు చెప్పాను. భయపడలేదు. "అక్క తిప్పిందా?" అన్నాడు. తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న హైదరాబాద్ చెకప్‌కు వెళ్లాం. పెద్ద డాక్టరు ఫిల్ము చూసి, "వాల్వులు వాటి చోట్లోనే ఉన్నాయి, అదృష్టం. ఆరోజు ఏం చేస్తుంటే వచ్చింది నొప్పి?" అన్నాడు. బాపు నెమ్మదిగా, పెద్దమనిషి తరహాగా, "ఏం చెయ్యలే సార్, కూసుండే ఉన్న" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. మా అమ్మాయి పుస్తకాల పురుగు, మాట్లాడదు అని అంతకు ముందే నన్ను పరిచయం చేశాడు. డాక్టరు కంప్యూటర్లో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన రాస్తున్నది అబద్ధం. ఆ అబద్ధాన్ని బట్టే తర్వాత ఏం చేయాలో చెప్తాడు. "కాదు సార్" అన్నాను. మొదటిసారే వినపడింది. "కూర్చోలేదు. ఎద్దును గుంజాడు. మాకు అబద్ధం చెప్పి వెళ్లి గుంజాడు."

డాక్టరు చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఎద్దునా?" అన్నాడు. బాపు నా వైపు చూసిన చూపు ఎట్లా ఉందంటే, ఇంట్లో బీరువా మాట్లాడినట్టు. నేను ఆపలేదు. మీకు ఆయన చెప్పింది, నాకు చెప్పింది, మామయ్య డాక్టరమ్మకు చెప్పింది, అన్నీ చెప్పాను. డాక్టరు బాపును తిట్టలేదు. "కిషన్‌రావు గారూ, నేను పెట్టిన వాల్వు ఎంత పనిచేస్తుందో, మీరు చెప్పే నిజం అంతే పనిచేస్తుంది. నొప్పిని దాస్తే నా దగ్గర మందు లేదు" అన్నాడు.

తిరుగు రైల్లో బాపు నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. పేపరు అడగాలన్నా మమతారాణి ఆంటీ వాళ్ల పాపతో అడిగించాడు. నేను బాధపడలేదు. ఇదీ రాయాలి: నాకు కొంచెం సంతోషంగా కూడా ఉండింది. ఆయన పరువు తీశాను కదా, పోనీ అనుకున్నాను. చెప్పులు చూసుకో అన్నవాళ్ల మీద చూపాల్సిన రోషం ప్రాణం కాపాడేవాళ్ల మీద చూపించే మనిషికి ఆమాత్రం తగులుతుంది.

నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టాను. వంకాయ కూర, చారు. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు. కారం ఎక్కువైందేమో, చెప్పడులే, అనుకుని నేను లోపలికి తిరిగాను.

"సృజనా" అన్నాడు.

ఆగాను.

"గీడ జర నొప్పైతుంది. ఎడమ దిక్కు. దమ్ము మంచిగనే ఉన్నది. ఊకె చెప్తున్న."

కంచం పక్కకు తీశాను. ఆటో పిలిచాను. మా ఊరి ఆస్పత్రిలో, లోపలికి అడుగు పెడుతూనే బాపే చెప్పాడు, నాకంటే ముందు: "ఊపిరితిత్తిల వాల్వులున్నయి సార్." ఫిల్ము తీశారు. ఏమీ లేదు. ఊపిరితిత్తి నిండుగా ఉంది. గొట్టం వేసిన చోట కండరం పట్టిందట, అంతే. సాయంత్రానికి తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు ఆటోలో బాపు సణుగుతూనే ఉన్నాడు. ఉత్తగ పోయినం, ఉత్తగ వచ్చినం, అన్నం గూడ చల్లారిపాయె, నీకు ఊకె భయం అని. దారి పొడుగునా అదే.

నా కోపం ఇంకా పోలేదు అత్తమ్మా, మీది కూడా పోనివ్వకండి. కానీ అన్నం మళ్లీ వేడి చేసి పెట్టాను, ఇంత నెయ్యి వేశాను. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక బాపు నాకు చెప్పిన మాటల్లో అంత మంచి మాట ఇంకొకటి లేదు. నొప్పైతుంది అన్నాడు.

మీ
సృజన